విచారణకు ప్రవర్తనా నియమావళి: రాయడం నుంచి అమలు దాకా

"మా గుడికి కూడా ఒక నియమావళి కావాలి, నమూనా ఉంటే పంపండి" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. నమూనా పంపడం నిమిషం పని. కానీ దాని మీద విచారణ (ఒక ఫాదర్ గారి బాధ్యతలో ఉండే కతోలిక సంఘం) పేరు మార్చి, ప్రింటు తీసి, సాక్రిస్టీ (పూజకు సిద్ధమయ్యే గది) బీరువాలో పెడితే అక్కడితో ఆగిపోతుంది. అందుకే నమూనా బదులు పని వరుస రాస్తున్నాను.

ఆంధ్ర, తెలంగాణల్లో సాధారణంగా కనిపించే విచారణను దృష్టిలో పెట్టుకున్నాను. ఒక పెద్ద గుడి, చుట్టుపక్కల పల్లెల్లో నాలుగైదు చిన్న గుళ్లు, పక్కనే బడి, కాన్వెంటు, ఒక హాస్టలు. ఇద్దరు ఫాదర్లు, కొందరు సిస్టర్లు, ఉపదేశులు (పల్లె గుళ్లలో ప్రార్థన, బోధన చూసేవారు), వంటమనిషి, వాచ్‌మన్, డ్రైవరు, క్వయర్, పీఠబాలలు (పూజలో సాయపడే పిల్లలు), మరియదళం (మరియమాత భక్తుల సంఘం), యూత్.

## 1. మొదలుపెట్టే ముందు

విచారణ తనంతట తాను గురువులకు (ఫాదర్లకు) చట్టం చేయజాలదు. ఆ అధికారం పీఠాధిపతిది (బిషప్‌ది). కాబట్టి ముందు మేత్రాసన (పీఠాధిపతి పరిధిలోని ప్రాంతం) కార్యాలయం నుంచి అక్కడి బాలల రక్షణ విధానం, గురువుల ప్రవర్తనా నియమాలు తెచ్చుకోండి. మీరు రాసేది వాటికి లోబడి, మీ ప్రాంగణానికి సరిపోయే వివరాలతో ఉండాలి.

చదివి పెట్టుకోవాల్సినవి:

- పోక్సో (లైంగిక నేరాల నుంచి పిల్లల రక్షణ) చట్టం, 2012. ముఖ్యంగా 19, 21 సెక్షన్లు.
- పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013. అందరూ పోష్ చట్టం అనేది దీన్నే.
- శ్రీసభలో లైంగిక దుర్మార్గాల ఫిర్యాదులను ఎలా చూడాలో చెబుతూ పోప్ ఫ్రాన్సిస్ 2019లో ఇచ్చిన "వోస్ ఎస్తిస్ లూక్స్ ముంది" ఆదేశం. 2023లో సవరించిన పాఠమే తీసుకోండి. ఇంటర్నెట్‌లో పాతది కూడా తిరుగుతోంది.
- శ్రీసభ (కతోలిక సంఘం) చట్టసంహితలో ఆరవ గ్రంథం. 2021 డిసెంబర్ 8 నుంచి కొత్త పాఠం అమల్లో ఉంది. పాత పుస్తకంలోని నేరాల కానన్ల (ఆ సంహితలోని సెక్షన్ల) నంబర్లు ఇప్పుడు సరిపోవు.

రాసే బృందంలో ఐదారుగురు చాలు. విచారణ గురువు, ఒక సిస్టర్, ఒక టీచరు, ఒక లాయరు లేదా చట్టం తెలిసినవారు, పిల్లలున్న ఒక తల్లి, పల్లె గుళ్ల తరఫున ఒక ఉపదేశి. ఆ తల్లిని మాత్రం మర్చిపోవద్దు. పిల్లలు ఏ వేళకు ఎక్కడ తిరుగుతారో బృందంలో మిగతా అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

## 2. నియమాలకన్నా ముందు ఫిర్యాదు దారి

చాలా చోట్ల ముందు నలభై నియమాలు రాస్తారు, చివర "ఫిర్యాదులుంటే ఫాదర్ గారిని సంప్రదించగలరు" అని ఒక్క వాక్యం పెడతారు. ఫిర్యాదు ఫాదర్ గారి మీదే అయితే ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఈ ప్రశ్నకు జవాబు లేని నియమావళి పనికిరాదు. అందుకే మొదటి పేజీలో ఫిర్యాదు దారి రాయండి. నియమాలు ఆ తర్వాత.

కనీసం నాలుగు దారులు ఉండాలి:

- విచారణలో ఇద్దరు బాధ్యులు. ఒకరు తప్పకుండా మహిళ. ఇద్దరూ ఫాదర్ గారి కింద జీతానికి పనిచేసేవారు కాకూడదు.
- మేత్రాసనంలో ఫిర్యాదులు తీసుకునే కార్యాలయం. చిరునామా, ఫోన్ నంబరు రెండూ రాయాలి.
- పిల్లల విషయమైతే స్థానిక పోలీసు స్టేషను, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. అత్యవసరమైతే 112.
- ఫిర్యాదు పీఠాధిపతి మీదే అయితే నేరుగా పరిశుద్ధ పీఠానికి (వాటికన్‌కు) గానీ, ఆ ప్రాంత అగ్రపీఠాధిపతికి (ఆర్చిబిషప్‌కు) గానీ పంపవచ్చు. తెలుగు నేలపై లాటిన్ రీతిలో అగ్రపీఠాలు రెండు: హైదరాబాద్, విశాఖపట్నం.

ఇవన్నీ ఒక బోర్డు మీద రాయించి గుడి గుమ్మం దగ్గర, హాస్టల్లో, బడిలో పెట్టండి. ఫిర్యాదు పెట్టె పెడితే తాళం ఫాదర్ గారి దగ్గర ఉండకూడదు. సీసీ కెమెరా కింద పెట్టకూడదు.

రెండు మాటలు అక్షరాలా రాయండి. ఫిర్యాదు చేసినవారిపై కక్ష తీర్చుకోరాదు. ఫిర్యాదు చేసినవారిని, బాధితులను, సాక్షులను "ఎవరికీ చెప్పవద్దు" అని కట్టడి చేయరాదు. ఇవి మన సొంత మంచితనం కొద్దీ పెట్టేవి కావు, వోస్ ఎస్తిస్‌లో ఉన్నవే. 2019 డిసెంబర్‌లో ఇలాంటి కేసులపై పరిశుద్ధ పీఠపు రహస్య నియమాన్ని కూడా ఎత్తేశారు.

## 3. ఎవరెవరికి వర్తిస్తుంది

"అందరికీ" అని రాస్తే ఎవరికీ తగలదు. పేర్లతో జాబితా తయారు చేయండి. జీతం ఉందా లేదా అన్నది ముఖ్యం కాదు, పిల్లలతోనో డబ్బుతోనో తాళంచెవులతోనో సంబంధం ఉంటే పేరు ఎక్కాలి.

సాధారణంగా జారిపోయే పేర్లు: క్వయర్‌కు కీబోర్డు నేర్పడానికి బయట నుంచి వచ్చే మాస్టారు, క్రిస్మస్ డ్రామా నేర్పించే అన్నయ్య, ప్రార్థన కూటాలకు పిలిచే అతిథి ప్రసంగీకుడు, సెలవులకు వచ్చిన సెమినారియన్, హాస్టల్ వార్డెన్ చుట్టం, స్కూల్ వ్యాన్ క్లీనరు.

కొత్తగా తీసుకునేవారికి చెక్‌లిస్టు:

- ఫోటో గుర్తింపు కార్డు నకలు
- ఇంతకుముందు పనిచేసిన చోటికి ఫోన్ చేసి కనుక్కోవడం (ఉత్తరం ఒక్కటే చాలదు)
- పిల్లలతో పని ఉంటే పోలీసు వెరిఫికేషన్
- మొదటి మూడు నెలలు ఒంటరిగా బాధ్యత ఇవ్వకపోవడం
- వేరే మేత్రాసనం నుంచి వచ్చిన గురువైతే తన పీఠాధిపతి ఇచ్చిన పత్రం

"మనవాడే, చిన్నప్పటి నుంచి తెలుసు" అన్న మాట దగ్గరే చాలా విచారణలు ఈ జాబితాను పక్కన పడేస్తాయి. తెలిసినవాడైతే కాగితం ఇంకా తేలిగ్గా వస్తుంది కదా, తీసుకోండి.

## 4. పిల్లలతో మెలిగే నియమాలు

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. "గౌరవంగా ప్రవర్తించాలి" లాంటి వాక్యాలు రాయొద్దు. చూసినవాళ్లు ఎవరైనా "ఇది నియమం తప్పింది" అని వెంటనే చెప్పగలిగేలా రాయండి. ఎవరి మనసులో ఏముందో మనం కొలవలేం. తలుపు తెరిచి ఉందా లేదా అన్నది మాత్రం ఎవరికైనా కనిపిస్తుంది.

పునాది నియమం ఒకటే: పద్దెనిమిదేళ్లు నిండని ఎవరితోనూ, ఇతరులకు కనబడని చోట ఒక పెద్ద మనిషి ఒంటరిగా ఉండకూడదు. దీన్ని మీ ప్రాంగణంలో ఒక్కో చోటికి, ఒక్కో సందర్భానికి అన్వయించి రాయాలి.

సాక్రిస్టీ. పీఠబాలలు బట్టలు మార్చుకునేటప్పుడు తలుపు తెరిచి ఉండాలి, ఇద్దరు పెద్దలు ఉండాలి. పిల్లలు తమ బట్టల మీదే అంగీ వేసుకోవాలి.

ఫాదర్ గారి బంగళా. పిల్లలతో బంగళా ఊడిపించడం, బట్టలు ఉతికించడం, కాళ్లు పట్టించుకోవడం, రాత్రి కాపలాగా పడుకోబెట్టుకోవడం కొన్నిచోట్ల ఇంకా వాడుకలో ఉన్నాయి. "సేవ" అనే పేరుతో సాగుతాయి కాబట్టి ఎవరూ నోరెత్తరు. నియమావళిలో వీటిని పేరు పెట్టి నిషేధించండి. పిల్లలు ఆఫీసు గది వరకే, అదీ పగటిపూటే. పడకగదుల వైపు ఎవరూ వెళ్లకూడదు.

క్రిస్మస్ క్యారల్స్. డిసెంబర్‌లో అర్ధరాత్రి దాకా ఇంటింటికీ తిరగడం మన దగ్గర మామూలే. తల్లిదండ్రుల అనుమతి చీటీ, బయలుదేరేటప్పుడూ తిరిగి వచ్చాకా తలల లెక్క, ఆడపిల్లలుంటే తప్పకుండా మహిళలు, చిన్నపిల్లలకు రాత్రి తొమ్మిదితో ముగింపు. చివరి పిల్లను ఒకే వ్యక్తి బండి మీద దించకూడదు. తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్లాలి, లేదా ఇద్దరు పెద్దలు వెళ్లి దించి రావాలి.

ప్రయాణాలు. ఫిబ్రవరి 11న గుణదల ఉత్సవానికి వ్యాను కట్టుకుని వెళ్లే విచారణలు ఎన్నో. రాత్రి బస ఉంటే అబ్బాయిలకు, అమ్మాయిలకు, పెద్దలకు వేర్వేరు గదులు. పెద్దలెవరూ పిల్లల గదిలో ఒంటరిగా పడుకోకూడదు. పదిమంది పిల్లలకు ఇద్దరు పెద్దలు అన్నది నేను సూచించే లెక్క. జనం విపరీతంగా ఉండే చోటికైతే ఇంకొకరిని కలపండి.

కొట్టడం. సత్యోపదేశం క్లాసులో జపం రాలేదని చెవి మెలిపెట్టడం, మోకాళ్ల మీద నిలబెట్టడం కూడా ఇందులోకే వస్తాయి. "భయం లేకపోతే నేర్చుకోరు" అనే టీచర్లు ప్రతి విచారణలో ఉంటారు. వాళ్లతో వాదన పెట్టుకోవద్దు, నియమం చదివించి సంతకం తీసుకోండి.

ఫోన్లు. పిల్లలకు నేరుగా ప్రైవేట్ మెసేజ్‌లు పంపకూడదు. క్వయర్ వాట్సాప్ గ్రూపులో ఇద్దరు పెద్దలు అడ్మిన్లుగా, ఒక తల్లి లేదా తండ్రి సభ్యులుగా ఉండాలి. రాత్రి తొమ్మిది తర్వాత మెసేజ్‌లు వద్దు. చదువుకు సాయం పొందుతున్న పిల్లల ఫోటోలు పేరు, ఊరు కలిపి ఎక్కడా పెట్టకూడదు. దాతలకు పంపేటప్పుడు కూడా తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి.

కానుకలు. ఒక్క పిల్లకో పిల్లవాడికో ప్రత్యేకంగా ఫోను, బట్టలు, డబ్బు ఇవ్వకూడదు. సాయం చేయాలంటే విచారణ ద్వారా, రసీదుతో, తల్లిదండ్రులకు తెలిసేలా ఇవ్వాలి.

## 5. పాపసంకీర్తనం, ఆధ్యాత్మిక సలహా

పాపసంకీర్తనం అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం. దాని రహస్యాన్ని ఎవరూ, ఏ కారణంతోనూ తాకలేరు (కానన్ 983). అది మారదు. కానీ సంకీర్తనం ఎక్కడ, ఎలా వినాలో మాత్రం రాయవచ్చు.

- గుడిలోనే, జాలీ ఉన్న సంకీర్తన పీఠంలో. సరైన కారణం లేకుండా బయట వినకూడదని కానన్ 964 చెబుతోంది.
- పిల్లల సంకీర్తనం అందరికీ కనిపించే చోట, మాట వినబడనంత దూరంలో.
- పీఠంలో ఫోను ఉండకూడదు, ఇటువైపూ అటువైపూ. సంకీర్తనాన్ని రికార్డు చేయడం కానన్ 1386 ప్రకారం నేరం.
- కౌన్సెలింగ్‌ను, సంకీర్తనాన్ని కలపవద్దు. కౌన్సెలింగ్‌కు అద్దం ఉన్న తలుపు, పగటి వేళ, రిజిస్టరులో సమయం.

ఎవరైనా సంకీర్తనంలో తమపై జరిగిన దుర్మార్గాన్ని చెబితే గురువు ఆ మాట బయట పెట్టలేరు. పోక్సోలోని 19వ సెక్షన్ సంకీర్తనానికి మినహాయింపు ఏదీ రాయలేదు. ఈ ఇరకాటంలో గురువు చేయగలిగింది, చెప్పినవారిని ధైర్యపరచి, ఇదే విషయం సంకీర్తనం బయట ఫిర్యాదు బాధ్యులకో, నమ్మిన పెద్దలకో చెప్పమని ప్రోత్సహించడం. ఆ నంబర్లున్న కార్డు పీఠం దగ్గర అందరికీ అందేలా ఉంచితే గురువు ఎవరికీ ప్రత్యేకంగా చేతికి ఇవ్వాల్సిన పని ఉండదు.

## 6. పెద్దల మధ్య, పనిచేసే చోట

పోష్ చట్టం ప్రకారం పదిమంది లేదా ఎక్కువ మంది పనిచేసే చోట అంతర్గత కమిటీ తప్పనిసరి. అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయట నుంచి ఒకరు. పదికన్నా తక్కువైతే ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి వెళుతుంది. జీతం లేని వాలంటీర్లు కూడా ఈ చట్టం కింద ఉద్యోగులే, బంగళాలో పనిచేసే వంటమ్మకూ రక్షణ ఉంది. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. కమిటీ దర్యాప్తు తొంభై రోజుల్లో ముగియాలి.

సిస్టర్ల సంగతి ప్రత్యేకంగా రాయండి. అధికారాన్ని వాడుకుని పెద్దవారిని లొంగదీసుకున్నా వోస్ ఎస్తిస్ వర్తిస్తుంది. బాధితురాలు సిస్టర్ అయితే ఫిర్యాదు తన మఠాధికారిణి ద్వారానే రావాలని షరతు పెట్టకూడదు.

## 7. డబ్బు

ఇక్కడ గొడవలు ఎక్కువ, నియమాలు తేలిక.

- కానుకల లెక్క పూజ అయిన వెంటనే, సంబంధం లేని ముగ్గురు కలిసి, సంతకాలతో. ప్రతి నెలా మనుషులను మార్చండి.
- ఆర్థిక మండలి ప్రతి విచారణలో ఉండి తీరాలి (కానన్ 537). "మాకు పెద్దల సంఘం ఉందిగా" అంటే చాలదు.
- పూజ కానుకలకు (తమ ఉద్దేశం కోసం పూజ అర్పించమని ఇచ్చేవి) వేరే రిజిస్టరు: ఎవరి ఉద్దేశం, ఎంత, ఏ రోజు అర్పించారు (కానన్ 958). పేదవారనే కారణంతో ఎవరికీ సంస్కారాలు నిరాకరించరాదు (కానన్ 848). ఈ రెండో వాక్యం బోర్డు మీద రాయించండి.
- పండుగకని వసూలు చేసింది పండుగకే, గంట కోసం ఇచ్చింది గంటకే (కానన్ 1267).
- ఒక్కరి దగ్గర ఒకే రోజు రెండు లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోవద్దు. ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు గుడి కోసం పంపే డబ్బు దగ్గర జాగ్రత్త. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సొంత ఆదాయం నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న బాబాయి పంపితే అవుతుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) నమోదు, దానికి ప్రత్యేకించిన ఖాతా లేకుండా అది ముట్టుకోకూడదు. ఫాదర్ గారి వ్యక్తిగత ఖాతాకు పంపించుకోవడం దారి కాదు.

ఇంకొకటి. గురువులు వ్యాపారం చేయడం (కానన్ 286), పై అధికారిని అడగకుండా ఇతరుల అప్పులకు హామీ ఉండటం (కానన్ 285) శ్రీసభ చట్టానికే విరుద్ధం. చిట్టీల ఊళ్లలో ఈ వాక్యం చాలా అవసరం.

## 8. కులం, రాజకీయం

కులం మాట రాయకుండా తెలుగు విచారణకు నియమావళి పూర్తి కాదు. సమాధుల తోటలో స్థలం, పండుగ రథం ఎవరు లాగాలి, పెద్దల సంఘంలో కుర్చీలు, క్వయర్‌లో చోటు: వివక్ష ఎక్కడ కనబడుతుందో పేరు పెట్టి రాయండి. "అందరూ దేవుని బిడ్డలే" అని రాసి వదిలేస్తే ఎవరూ నొచ్చుకోరు, ఏమీ మారదు.

రాజకీయం గురించి రెండు పంక్తులు చాలు. గురువులు పార్టీలలో చురుకైన పాత్ర తీసుకోరాదు (కానన్ 287). గుడి ప్రాంగణాన్ని రాజకీయ ప్రచారానికి ఇవ్వడాన్ని 1988 నాటి మత సంస్థల దుర్వినియోగ నిరోధక చట్టం నిషేధిస్తోంది. ఎన్నికల ముందు పూజ చివర మైకు ఎవరి చేతికీ ఇవ్వకండి.

## 9. చదివించి, సంతకం తీసుకోవడం

ఇరవై పేజీలు ఎవరూ చదవరు. పూర్తి పాఠం ఆఫీసులో పెట్టి, ఒక్కో పనికి ఒక పేజీ తయారు చేయండి: పీఠబాలల బాధ్యులకు ఒకటి, డ్రైవరుకు ఒకటి, లెక్కపెట్టేవారికి ఒకటి. చదవడం రానివారికి చదివి వినిపించి, సాక్షితో వేలిముద్ర తీసుకోండి.

వరుస ఇది:

1. విచారణ గురువు, సహాయ గురువు ఆదివారం పూజలో అందరి ముందు మొదట సంతకం చేయాలి.
2. తర్వాత సిస్టర్లు, ఉపదేశులు, జీతగాళ్లు.
3. ఒక శనివారం మధ్యాహ్నం వాలంటీర్లకు రెండు గంటల క్లాసు. ఉపన్యాసం వద్దు, సందర్భాలు ఇచ్చి "మీరైతే ఏం చేస్తారు" అని అడగండి.
4. పిల్లలకు, తల్లిదండ్రులకు వేరుగా. ఎవరికి చెప్పాలో పిల్లలకు పేరుతో తెలియాలి.
5. సంతకం చేయనివారికి ఆ బాధ్యత ఇవ్వకపోవడం. ఎంత పెద్ద దాత అయినా సరే.

## 10. ఫిర్యాదు వచ్చిన రోజు

మొదటి గంట. వినండి, అడ్డుపడకండి. "నిజమేనా", "నువ్వెందుకు వెళ్లావు" అని అడగొద్దు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు. చెప్పింది చెప్పినట్టు, ఆ మాటల్లోనే రాసి తేదీ, సమయం వేయండి. బిడ్డకు వైద్యం అవసరమైతే ఆసుపత్రి ముందు, కాగితాలు తర్వాత.

అదే రోజు. బిడ్డ విషయమైతే పోలీసులకు చెప్పాలి. రుజువు అక్కర్లేదు, తెలిసిన సమాచారం చాలు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది దాకా. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారికి చట్టం రక్షణ ఇస్తుంది. మేత్రాసనానికీ అదే రోజు రాతపూర్వకంగా తెలపండి. గురువులు, మఠవాసులు తమకు తెలిసింది, సంకీర్తనంలో విన్నది తప్ప, స్థానిక శ్రీసభ అధికారికి ఆలస్యం లేకుండా చెప్పాల్సిందే.

ఆ వారం. ఆరోపణ ఉన్న వ్యక్తిని పిల్లల పనుల నుంచి దూరంగా ఉంచండి. గురువైతే ఆ నిర్ణయం పీఠాధిపతిది. ఇది శిక్ష కాదని రాతపూర్వకంగా చెప్పండి, ఆయనకూ మంచిపేరు హక్కు ఉంది (కానన్ 220). బాధిత కుటుంబానికి రోజూ ఫోన్ చేసే మనిషిని ఒకరిని నియమించండి. బిడ్డ పేరు ప్రసంగంలో గానీ, ప్రార్థన విన్నపాల్లో గానీ, వాట్సాప్‌లో గానీ రాకూడదు.

## 11. ఎక్కడ తప్పుతుంది, ఎలా దిద్దాలి

పెద్దమనుషుల పంచాయతీ. రెండు కుటుంబాలను కూర్చోబెట్టి, డబ్బు ఇప్పించి, కాగితం రాయించుకోవడం. పిల్లల కేసుల్లో దీనికి చోటే లేదు. అలాంటి ప్రయత్నం మొదలైందని తెలిస్తే బాధ్యులు వెంటనే పోలీసులకు, మేత్రాసనానికి చెప్పాలి.

సొంత దర్యాప్తు. బిడ్డను ఫాదర్, సిస్టర్, హెడ్మాస్టరు, సంఘపెద్ద ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు. అడిగిన కొద్దీ బిడ్డ నలుగుతుంది, సాక్ష్యం బలహీనపడుతుంది. ఒక్కసారి విన్నది రాసి, మిగతాది పోలీసులకు వదలండి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గర గానీ, బిడ్డ కోరుకున్న చోట గానీ, వీలైనంతవరకు మహిళా ఎస్‌ఐ తీసుకోవాలని చట్టమే చెబుతోంది.

"శ్రీసభ పరువు". ఈ మాట మీటింగులో వినబడితే చర్చను అక్కడ ఆపి, నియమావళి మొదటి పేజీ తెరిచి చదివించండి.

బాధ్యురాలు పేరుకే ఉండటం. ఫిర్యాదు బాధ్యురాలి ఫోను ఎప్పుడూ స్విచ్ఛాఫ్. ఆరు నెలలకోసారి బయటి మనిషితో ఆ నంబరుకు ఫోన్ చేయించి చూడండి. ఎత్తకపోతే మార్చండి.

పల్లె గుళ్లు. నియమావళి పెద్ద గుడి దగ్గరే ఆగిపోతుంది. ఉపదేశుల నెలసరి సమావేశంలో ఒక్కో నియమం తీసుకుని పదిహేను నిమిషాలు మాట్లాడండి. బోర్డు అక్కడ కూడా పెట్టించండి, చిన్నదైనా సరే.

## 12. బదిలీల వేళ

పాత ఫాదర్ గారితో పాటే నియమావళి కూడా వెళ్లిపోవడం మామూలుగా జరిగేది. అప్పగింతల జాబితాలో తాళంచెవులు, పాత్రలు, ఖాతా పుస్తకాలతో పాటు ఇవీ చేర్చండి:

- సంతకాల ఫైలు, గడువు తీరిన వెరిఫికేషన్ల జాబితా
- ఇంకా నడుస్తున్న ఫిర్యాదుల సీలు కవరు (మేత్రాసనం సూచనల ప్రకారం, పేర్లు బయట కనబడకుండా)
- పూజ కానుకల రిజిస్టరు, ఇంకా అర్పించాల్సిన పూజల లెక్క
- కౌన్సెలింగ్ సందర్శకుల రిజిస్టరు
- ఫిర్యాదు బాధ్యుల పేర్లు, వారి పదవీకాలం ముగిసే తేదీ

కొత్త ఫాదర్ గారు బాధ్యత తీసుకున్న మొదటి ఆదివారమే సంతకం చేయాలి. ఆ ఏర్పాటు చూసే పని విచారణ మండలి కార్యదర్శికి అప్పగించండి, ఆయన పేరూ అదే జాబితా కింద రాయండి.